మందు పడని చేను

మా చిన్నాయన పోయాడన్న కబురు అందేసరికి నేను ఒక పేపరును చంపే పనిలో ఉన్నాను. మా వృత్తిలో ఆ మాటను సరదాగానే వాడతాం. ఎవరో ముక్కూమొహం తెలియని పరిశోధకుడు ఒక సైన్సు పత్రికకు పంపుకున్న వ్యాసం, అచ్చు వేయవచ్చో లేదో చూసి చెప్పమని నా దగ్గరికి వచ్చింది. మందు వేయని ప్లాటు గురించి ఇతను చెబుతున్నది నమ్మేటట్టు లేదని రాసి, ఆ వాక్యానికి ఇంకాస్త పదును పెడుతున్నాను. అప్పుడు చిన్నమ్మ ఫోను చేసింది.

"మీ చిన్నాయన పోయినాడు పాపా. పొద్దన్నే పోయినాడు. నువ్వు పనిలో ఉంటావని ఇంతసేపు చెయ్యలేదు."

వస్తున్నానని చెప్పి ఫోను పెట్టేశాను. పెట్టేసి, ఆ వాక్యం పూర్తి చేసి, పత్రికవాళ్ళకు పంపించి, అప్పుడు లేచాను. ఈ సంగతి మొదటే చెప్పేయడం మంచిది. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు రాసేవాళ్ళు కూడా పనిలో పనిగా మంచివాళ్ళయిపోతుంటారు. నాకు ఆ వీలు లేదు.

చిన్నాయన అంటే మా నాయనకు తమ్ముడు. పత్తికొండకు పోయే దారిలో రోడ్డును ఆనుకునే మా చేను ఉంటుంది. నాయన ఉద్యోగమని కర్నూలు చేరాక మా భాగం కూడా ఆయనే సేద్యం చేశాడు. ఎర్రనేల. వాన పడితే వేరుశనగ, పడకపోతే అదీ లేదు. చేని గట్టుకు రాగానే చెప్పులు విడిచి లోపలికి దిగేవాడు. భక్తేమో అనుకునేదాన్ని చిన్నప్పుడు. అదేం కాదు, చెప్పులుంటే నేలలో పదును ఎంతుందో కాలికి తెలియదట. నేను పెద్ద చదువులు చదివి నేలలో తేమ కొలిచే యంత్రం తీసుకుపోయాను. యంత్రమూ ఆయన కాలూ దాదాపు ఒకే మాట చెప్పేవి. ఎండిన కాయను చెవి దగ్గర పెట్టుకుని ఆడించడం ఆయనకు ఇంకో అలవాటు. లోపల గింజ గలగలమంటే మొహం విచ్చుకునేది. మేం పిల్లలం వరసగా నిలబడితే ఒక్కొక్కరి చెవి దగ్గరా ఆడించి వినిపించేవాడు.

నా పరిశోధన వేరుశనగకు వచ్చే మొదలుకుళ్ళు మీద. విత్తనానికి ముందుగా పట్టించే ఒక పొడి మందు ఆ తెగులును ఆపుతుందా లేదా అన్నది తేల్చాలి. మూడేళ్ళు రైతు పొలంలో పండించి చూపించాలి, దాన్ని పేపరుగా రాసి మంచి పత్రికలో అచ్చు వేయించుకోవాలి. అది అచ్చయితేనే నాకు డాక్టరేటు పట్టా, పట్టా ఉంటేనే ఉద్యోగం. ఊళ్ళో ఎవరిని అడిగినా మందు వేసే ప్లాట్లకు సరేనన్నారు గాని, మందు వేయకుండా పోల్చి చూడటానికి ఉంచే ప్లాట్లకు, అంటే మేం కంట్రోలు అనే వాటికి, నవ్వి తప్పుకున్నారు. కళ్ళముందు పైరు చస్తుంటే ఏమీ చేయకుండా చూడటానికి ఎవరు ఒప్పుకుంటారు? చిన్నాయన నేను పూర్తిగా చెప్పకముందే సరేనన్నాడు. చేను పన్నెండు ప్లాట్లు చేశాం. అందులో నాలుగు కంట్రోలు. ఏవి కంట్రోలో చీటీలు తీసి తేల్చాం.

"చీటీలేసి పైరుకు శిక్షేస్తారా పాపా?" అన్నాడు.

మనిషి ఇష్టాయిష్టాలు అందులో కలవకూడదని, అందుకే చీటీలని వివరించాను. తల ఊపాడు. తీరా రోడ్డు పక్కనున్న ఒకటో ప్లాటు కంట్రోలుకు పడింది. దాన్ని మాత్రం లోపలికి మార్చమని బతిమాలాడు. పత్తికొండ మార్కెట్టుకు టమోటాలు తోలుకుపోయేవాళ్ళంతా ఆ దారినే పోతారు, ముందు కనబడేది అదే. కుదరదన్నాను. అయితే ఇది పరీక్ష కోసం వదిలేసిన చేనని, తన చేతకానితనం కాదని ఒక బోర్డన్నా రాయించమన్నాడు. బోర్డు మీద ఒక అక్షరమూ ఒక అంకె తప్ప ఇంకేమీ రాయకూడదన్నాను. నిజానికి రాసినా కొంప మునిగేది కాదు. నాకు విసుగు, అంతే.

మొదటి ఏడు, రెండో ఏడు తెగులు మాకు కావలసినట్టే వచ్చింది. మందు పట్టించిన ప్లాట్లు పచ్చగా నిలబడ్డాయి. కంట్రోలులో చెట్లు ఒక్కొక్కటే వాడి, పసుపు తిరిగి, పీకితే మొదలు తెగి చేతికొచ్చేవి. చిన్నమ్మ ఉండబట్టలేక రొవంత మందన్నా కొట్టమని పోరేది. మాటిచ్చినాక చేను మనది కాదని ఆయన జవాబు. ఆ మాట ఆయన నోట చాలాసార్లు విన్నాను. పొద్దున్నే కర్ర పట్టుకుని సాలు వెంట పోతూ, చచ్చిన చెట్టునల్లా కర్రతో తాకి లెక్కపెట్టి, కర్నూలులో ఉన్న నాకు ఫోను చేసేవాడు. ఈ పొద్దు పదకొండు సచ్చినాయి పాపా, ఈ పొద్దు పద్నాలుగు. నేను "మంచిది చిన్నాయనా" అనేదాన్ని. పొరపాటున అన్నది కాదు, రెండేళ్ళు అదే మాట అన్నాను. ఎక్కువ చస్తే ఎక్కువ మంచిది. ఆయన తిన్నావా అని అడిగి పెట్టేసేవాడు.

మూడో ఏడు వాన అదను తప్పకుండా పడింది. తెగులు జాడే లేదు. పన్నెండు ప్లాట్లూ ఒకే పచ్చన. దారిన పోయే బండ్లు ఆపి మనుషులు ఒకటో ప్లాటు వైపు చూస్తుంటే చిన్నాయన గట్టు మీద మొదటిసారి తల ఎత్తుకుని నిలబడ్డాడు. నేను అదే గట్టు మీద నిలబడి నా పరిశోధన నడిపించే ప్రొఫెసరుకు, అంటే మా గైడుకు, ఫోను చేశాను. తేడా లేకపోతే పేపరు లేదు, పేపరు లేకపోతే నువ్వు లేవు అన్నాడాయన. ఆయన ఎప్పుడూ పొదుపుగానే మాట్లాడతాడు. ఫోను పెట్టేసి చిన్నాయనతో నేనన్న మాట ఇది:

"ఈ ఏడు కూడా ఇవి సచ్చింటే బాగుండు చిన్నాయనా."

పైరు బాగుంటే తప్పా అని అడిగాడు. విడమరిచి చెప్పాను. రెండేళ్ళు వచ్చిన తేడా మూడో ఏడు రాకపోతే మంచి పత్రిక ఏదీ తీసుకోదని, నా నాలుగేళ్ళ చదువు ఈ గట్టు మీదే పోయినట్టని. ఏడుపు కూడా వచ్చింది నాకు. తేడా అంటే ఎంత ఉండాలని అడిగాడాయన. ఎంతేముంది, ఒక్కో కుప్పకు ఒక మోపు తగ్గినా చాలని నవ్వాను. చేతులు చాచి మోపు ఎంతో కూడా చూపించాను.

కోత అయింది. పీకిన చెట్లు ప్లాటుకొక కుప్పగా వేసి, వారం ఎండనిచ్చి, కాయ దులిపి, కొట్టంలో దూలానికి వేలాడదీసిన కొక్కెం త్రాసుకు తూకం వేశాం. కంట్రోలు నాలుగూ తగ్గాయి. ఎంత కావాలో అంతే తగ్గాయి. పచ్చగా ఉన్న పైరు ఎందుకు తగ్గిందని నాకు ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదని చెబితే అబద్ధం. వచ్చింది. భూమిలో కాయ ఊరలేదేమో, పైకి ఏం తెలుస్తుందని సర్ది చెప్పుకున్నాను. మనకు కావలసిన అంకె వచ్చినప్పుడు ఎవరూ రెండోసారి తూకం వేయరు.

పేపరు రాయడానికి ఎనిమిది నెలలు పట్టింది. రాయడమంటే చిన్నాయన చేనును తీసేయడం. మొదట ఊరి పేరు పోయింది, తర్వాత ఎర్రనేల పోయి నేల రకం మిగిలింది, తర్వాత ఆయన కర్రతో లెక్కపెట్టినవన్నీ శాతాలయ్యాయి. చివర కృతజ్ఞతల్లో ఆయన పేరు రాస్తే గైడు కొట్టేసి "సహకరించిన రైతు" అని మార్చాడు. పత్రికవాళ్ళు ఒకసారి తిప్పి పంపారు, ఇంకోసారి పట్టికలు మార్చమన్నారు, మూడోసారి తీసుకున్నారు. అచ్చు కాపీ పట్టుకుని ఊరికి పోయాను. తన చేను యాడుండాదో చూపించమన్నాడు చిన్నాయన. పట్టికలో మొదటి వరస చూపించాను. ఆ అంకెల మీద వేలు పెట్టి, అక్షరాలు చెరిగిపోతాయేమో అన్నట్టు మళ్ళీ తీసేశాడు.

చిన్నమ్మ ఉడికించిన కాయలు తెచ్చి పెడుతూ ఎగతాళి చేసింది. ఈ పేపరులో సగం మా ఎద్దులు తిన్నాయి, వాటి పేరు కూడా రాసినావా అంది. ఊరుకోమని చిన్నాయన కసిరాడు. ఆమె ఊరుకోలేదు. ఆ ఏడు కాయతో ఉన్న కట్టె, అంటే పీకి ఎండబెట్టిన చెట్లు, ఒక్కో కుప్పలోంచి ఒక మోపు ఎద్దులకు వేశాడని, అంత సోకు ఎద్దులు ఎప్పుడూ ఎరగవని నవ్వుతూ చెప్పింది.

నేను నవ్వలేదు. ఏ కుప్పలోంచని అడిగాను. మందు వేయని నాలుగింటిలోంచీ అన్నాడు. నాకు నోటికొచ్చినట్టల్లా మాట్లాడాను. ఏం తెలుసని చెయ్యి పెట్టావన్నాను, నా బతుకులో మట్టి కొట్టావన్నాను, చదువులేనివాళ్ళను నమ్మడం నాదే బుద్ధితక్కువన్నాను. ఆయన అంతా విని, గొంతు పెంచకుండా ఒక్కటే అన్నాడు.

"రెండేండ్లు దేవుడు సంపె, నువ్వు సంతోషంగా రాసుకుంటివి. మూడో ఏడు దేవుడు మర్సిపోయె. నేను సంపితి. నువ్వే గదమ్మా ఒక మోపు అని చెప్తివి?"

అచ్చు కాపీ తీసుకుని కర్నూలు బస్సెక్కాను. గైడు దగ్గరికి పోయి జరిగింది చెప్పాను, నేను గట్టు మీద అన్నది తప్ప. ఎవరో పట్టుకోకముందే మనమే పేపరును వెనక్కు తీసుకోవాలన్నాడాయన. తీసుకునేటప్పుడు తప్పు మనది కాదని స్పష్టంగా ఉండాలన్నాడు. ఆ ప్రకటన నేనే రాశాను. సహకరించిన రైతు ఉద్దేశపూర్వకంగా దిగుబడిని తారుమారు చేసినట్టు రచయితల దృష్టికి వచ్చిందని, అందువల్ల వ్యాసాన్ని ఉపసంహరించుకుంటున్నామని. నా జీవితంలో ఒక్క దిద్దుబాటు కూడా లేకుండా అచ్చయిన వాక్యం అదే.

దాని ఫలితం ఏమిటో మీరు ఊహించలేరు. నాకు నిజాయితీపరురాలినని పేరొచ్చింది. అచ్చయిన పేపరును తనంతట తాను వెనక్కు తీసుకున్న పిల్ల అని పెద్దవాళ్ళు మెచ్చుకున్నారు. మిగతా పనితో ఇంకో పేపరు రాసుకోమని ఏడాది గడువిచ్చారు. ఉద్యోగం ఇంటర్వ్యూలో అడిగిన మొదటి ప్రశ్న దాని గురించే, చివరి ప్రశ్న కూడా దాని గురించే. ఉద్యోగం వచ్చింది. చిన్నాయనకు దొంగ అని పేరొచ్చింది. మా వ్యవసాయ సిబ్బంది నోటి నుంచి ఊరికి, ఊరి నుంచి పత్తికొండకు పాకింది. టమోటా మార్కెట్టులో ఆయన కనబడితే, ఏమప్పా ఈ ఏడు ఎద్దులకెంత, సర్కారుకెంత అని అడిగేవాళ్ళట. ఆ తర్వాత ఏ కొత్త విత్తనం వచ్చినా, ఏ పరీక్ష వచ్చినా మా ఊరిని దాటుకునిపోయింది. ఊరివాళ్ళు అందుకు కూడా ఆయన్నే అన్నారు.

ఒకసారి కర్నూలులో మా ఆఫీసుకు వచ్చాడు. ఉతికిన పంచె కట్టుకుని, చెప్పులు గుమ్మం బయట విడిచి. తన మీద ఏదో రాశారంట, ఏం రాశారో చదివి వినిపించమన్నాడు. తెలుగులో చెప్పాను, ఒక్క మాట తగ్గించకుండా. నిజం చెప్పడం నాకు అప్పటికి బాగా అలవాటైంది. మొత్తం విన్నాడు. గట్టు మీద నువ్వు చెప్పింది రాయలేదా అని అడిగాడు. అది అవసరం లేదన్నాను. అవసరం లేదా, సరేలే అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది.

"మల్ల ఒకసారి చేస్తే పాపా? ఈసారి నేను ముట్టుకోను. ఒక్క కాయ ముట్టుకోను."

వరండాలో మా గైడు వస్తున్న అడుగులు వినబడ్డాయి. ఈయన ఎవరని ఆయన అడిగే లోపు చిన్నాయనను పంపించేయాలి. సరే చిన్నాయనా, ఆ ఒకటో ప్లాటు అట్లే ఉంచు, నేనొచ్చి తూకమేసేదాకా ఎవరూ ముట్టుకోవద్దు అన్నాను. అనేసి తలుపు దాకా నడిపించాను. ఆయన మొహం విచ్చుకుంది, కాయ గలగలమన్నప్పటిలాగా. నేను ఆ మాట గుమ్మం దాటకముందే మరిచిపోయాను.

ఇది ఏడేళ్ళ కింద. ఈ ఏడేళ్ళలో పెళ్ళిళ్ళలో కనబడ్డాడు, తిన్నావా అని అడిగాడు. చేను సంగతి ఆయన ఎత్తలేదు, నేను అడగలేదు. చిన్నాయన మీద నాకు కోపమని మావాళ్ళంతా అనుకున్నారు. కోపం కాదు. ఆయన్ను చూస్తే నా వాక్యం గుర్తొచ్చేది.

మట్టి చేసే వేళకు చేరాను. మూడోనాడు పాలు పోసి వచ్చాక చిన్నమ్మ నన్ను చేనికి తీసుకుపోయింది. చుట్టూ టమోటా, కంది. రోడ్డు పక్కన మాత్రం నాలుగు మూలలా నాలుగు రాళ్ళు, వాటి మధ్య వేరుశనగ. అక్కడక్కడా వాడి పసుపు తిరిగిన చెట్లు. మా తగరపు బోర్డు అక్కడే ఉంది. అక్షరమూ అంకె వెలిసిపోయినచోట ఎవరో సున్నంతో మళ్ళీ దిద్దారు. నేను కూడా చెప్పులు విడిచి దిగాను. కాలికి ఏమీ తెలియలేదు.

ఇంటికొచ్చాక పక్క గది తలుపు తీసింది. గోడవారగా ఏడు సంచులు, ఒకదాని వెనక ఒకటి. మూతులు ఆయన కట్టిన పురికొసతోనే ఉన్నాయి. ఆ ఒకటో ప్లాటులో మందు లేకుండా పండిన ఏడేళ్ళ పంట.

"ఒక్క కాయ తీయనియ్యలేదు పాపా. పండగొచ్చినా తీయనియ్యలేదు. అమ్మనియ్యలేదు. ఈసారి మా పాప తప్పకుండా వస్తాది, ఇది తన సొత్తు అంటాండె."

కంట్రోలు అనేది పక్కన మందు వేసిన ప్లాటు ఉంటేనే కంట్రోలు. పోల్చడానికి ఏమీ లేనప్పుడు అది ఉత్త పాడుపడిన చేను. సైన్సు మొదటి ఏడాది చదివే పిల్లలకు కూడా తెలిసిన ముక్క ఇది. ఆయనకు తెలియదు. తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. ఒక్క ఫోను చేసి, వద్దు చిన్నాయనా, అమ్ముకో అంటే సరిపోయేది. అందుకే, ఆ ప్రకటనలో అవసరం లేదన్న వాక్యం ఇక్కడ రాస్తున్నాను. ఒక్కో కుప్పకు ఒక మోపు తగ్గితే చాలని చెప్పింది నేను. మోపు ఎంతో చేతులు చాచి చూపించింది నేను. ఆయన చేసింది చెప్పిన మాట వినడం. వద్దన్నాక ఏడేళ్ళు ముట్టుకోకుండా ఉన్నదీ ఆయనే.

తూకం వేయమంది చిన్నమ్మ. ఆయన చూస్తుంటాడంది. కొక్కెం త్రాసు దూలానికి ఇంకా వేలాడుతోంది. ముందున్న సంచి పోయిన ఏటిది, బరువుగానే తూగింది. వెనక్కు పోయేకొద్దీ తేలికయ్యాయి. పురుగు గింజను తినేసి పొట్టును వదిలింది. ఏడో సంచిని ఒంటి చేత్తో ఎత్తగలిగాను. చిరుగులోంచి ఒక కాయ జారిపడితే తీసి చెవి దగ్గర ఆడించాను. ఏమీ వినబడలేదు. అంకెలన్నీ పైకి చదివాను, ఆమె వింటూ ఉంది కాబట్టి. నేను చదివిన ఒక్కో అంకెకూ తల ఊపింది.

"ఈసారన్నా తేడా వచ్చిందా పాపా?" అని అడిగింది.

"వచ్చింది చిన్నమ్మా" అన్నాను.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని ఎద్దులకు నీళ్ళు పెట్టడానికి పోయింది. ఏడో సంచి కొక్కేనికి ఇంకా మెల్లగా తిరుగుతోంది. దాని కింద నేల మీద పిండి రాలి చిన్న కుప్పయింది. ఒక కోడి వచ్చి కాసేపు ఆ కుప్పను కెలికి, అందులో తినడానికేమీ లేదని వెళ్ళిపోయింది.